మూడో వాన

ఆ ఆల్బంలో మూడోదిగా వచ్చే అడవి వాన అడవిలో కురిసింది కాదు. అసలు వానే కాదు.

ఈ మాట నేను నిన్నటిదాకా ఎవరితోనూ అనలేదు. పాలు విరిగిన సంగతి కూడా డైరీలో రాసి పెట్టుకునే దాన్ని, ఈ ఒక్కటి మాత్రం డైరీకి కూడా చెప్పలేదు. రాయాల్సిన రోజు పేజీలో "ఎండగా ఉంది" అని రాసి మూసేశాను. నాలుగేళ్లుగా ఇది ఆ రెండు మాటల కిందే ఉంది. అప్పుడప్పుడు ఆ పేజీ తీసి చూస్తాను. ఎండగానే ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. మొహంలో మొహం పెట్టి మాట్లాడాలంటే నాకు చిన్నప్పటి నుంచీ గొంతు పెగలదు. ఈ తప్పు కూడా ఆ బిడియం వల్లే జరిగిందని చాలా రోజులు అనుకున్నాను. అలా అనుకోవడం సుఖంగా ఉండేది.

మాది మార్కాపురం. మా నాయన పలకల ఫ్యాక్టరీలో మేస్త్రీ. నేను ఇంట్లో పిల్లలకు ట్యూషన్ చెబుతాను, మధ్యాహ్నం నాయనకు క్యారేజీ తీసుకెళతాను, మిగిలిన వేళ చదువుకుంటాను. డిగ్రీలో మాకు ఫిజిక్స్ చెప్పిన సార్ ఒకాయన ఉండేవారు. ఆయనది గిద్దలూరు. ధ్వని పాఠం చెప్పే రోజుల్లో క్లాసుకు కీబోర్డు తెచ్చి మీటి చూపించేవారు. వెనక బెంచీలో నోరు విప్పకుండా కూర్చునే నా పరీక్ష పేపరు ఒకసారి చేతికిస్తూ, "నువ్వు బాగా వింటావమ్మా" అన్నారు. బాగా చదువుతావు అని చాలామంది అన్నారు. వింటావు అని ఎవరూ అనలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేదాకా దారిలోని చప్పుళ్లన్నీ కొత్తగా వినిపించాయి. నాకు దొరికిన మంచి మాటల్లో అది మొదటిది. దాన్నే నేను చెడగొట్టుకున్నాను.

తర్వాత ఆయన ఉద్యోగం మానేసి హైదరాబాదు వెళ్లిపోయారు. నలుగురు స్నేహితులతో కలిసి "ఐదు వానలు" అనే ఆల్బం మొదలుపెట్టారు. రాక్ సంగీతమే, కానీ మనం బస్సులో వినే నాలుగు నిమిషాల పాటల్లాంటివి కావు. ఒక్కోటి పావుగంట, ఇరవై నిమిషాలు. మాటలు తక్కువ. ఎలక్ట్రిక్ గిటారు, డ్రమ్స్, చర్చి ఆర్గన్ లాగా పలికే కీబోర్డు, వాటి వెనక వయొలిన్లు గుంపుగా. ఒక చిన్న రాగం మొదట్లో కనిపించి మాయమవుతుంది. మనం దాన్ని మరిచిపోయాక ఎక్కడో అన్ని వాయిద్యాలూ ఒక్కసారిగా దాన్నే ఎత్తుకుంటాయి. మొదటిసారి విన్నప్పుడు నాకు కంభం చెరువు అలుగు పారిన రోజు గుర్తొచ్చింది.

ఐదూ మా వైపు వానలే. మొదటిది చంద్రశేఖరపురం మెట్టచేల మీద తొలకరి. రెండోది చెరువు మీద వాన. మూడోది అడవి వాన. నాలుగోది రైల్వే స్టేషన్ రేకుల మీద పడేది. ఐదోది రాని వాన. మా వైపు పుట్టినవాళ్లకే ఆ ఐదోది తడుతుంది. ఈ వానల చప్పుళ్లన్నీ సార్ స్వయంగా తిరిగి పట్టుకున్నారు. అడవి ఒక్కటి మిగిలింది. ఆ ఏడు వాళ్లమ్మగారు ఆసుపత్రిలో ఉండటంతో ఆయన కదల్లేకపోయారు. చిన్న రికార్డరు ఒకటి బస్సు పార్సిల్లో పంపించి, ఫోన్ చేశారు.

"దోర్నాల దాటినాక వాగు పక్కన పెద్ద బండ ఉంటుందమ్మా. వాన ఆగినాక దాని అంచు నుంచి చానాసేపు చుక్కలు పడతా ఉంటాయి. అది కావాలి నాకు. నువ్వయితే వింటావు."

వెళ్లాను. ముందురోజు వాన కురిసింది కూడా. దోర్నాలలో దిగితే శ్రీశైలం పోయే జనం, హోటళ్ల ముందు ఆగిన బస్సులు. చెక్‌పోస్టు దగ్గర అటవీ శాఖ గార్డు కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఏం పాపా, ఒక్కదానివే వచ్చినావు? ఎక్కడికి?"

వాన చప్పుడు కోసం అని చెప్పాలి. ఆ మాటను లోపల రెండుసార్లు అనుకుని చూసుకున్నాను. ఎలా అన్నా పిచ్చిదానిలాగే ఉంది.

"బస్సు కోసం," అన్నాను.

"బస్సు అటుపక్క," అని చెయ్యి చూపించాడు. ఆయన పాపం మంచిగానే చూపించాడు. నేను ఆ చెయ్యి చూపించిన వైపు నడిచి, హోటల్లో టీ తాగి, మార్కాపురం బస్సెక్కాను.

ఇంతవరకు జరిగింది పిరికితనం. దాన్ని ఎవరైనా క్షమిస్తారు. సార్ అయితే నవ్వేవారు.

మర్నాడు ఎండ. క్యారేజీ తీసుకుని నాయన పనిచేసే షెడ్డుకు వెళ్లేసరికి కరెంటు పోయింది. కోత మిషన్లు ఆగిపోయాయి. అన్నేళ్లుగా వెళుతున్నా ఆ షెడ్డును నిశ్శబ్దంగా నేనెప్పుడూ చూడలేదు. దుమ్ము లేవకుండా కోత చక్రం మీద పోసే నీళ్లు మాత్రం గొట్టంలోంచి సన్నగా కారుతూ, బండల మీద జారి, కాలువలో పడుతున్నాయి. ఒక మూల, అక్కడే పనిచేసే సుందరమ్మత్త తన పని తాను చేసుకుంటోంది. ఆమె పనికి కరెంటు అక్కర్లేదు.

ఆమె పని వినడం. తయారైన ప్రతి పలకనూ ఎడమ చేతి మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి, ఐదు దెబ్బలు కొడుతుంది. ఖంగుమంటే మంచి పలక. బొంగురుగా పలికితే కంటికి కనపడని బీట ఉన్నట్టు, అది పక్కకు పోతుంది. పలకను దించి ఇంకొకటి అందుకోవడానికి మరో రెండు దెబ్బలంత సేపు పడుతుంది. ఐదు దెబ్బలు, రెండు ఖాళీలు. పొద్దున వచ్చినప్పటి నుంచి సాయంత్రం వాళ్ల పల్లెకు ఆటో ఎక్కేదాకా అదే నడక. నోట్లో ఎప్పుడూ ఏదో కూనిరాగం.

రికార్డరు సంచిలోనే ఉంది. బయటికి తీయలేదు. సంచిలోనే నొక్కాను.

ఆ రాత్రే సార్‌కు పంపించాను. "బండ కింద తీశాను సార్" అని రాశాను. బండ అన్నది అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చూడండి, ఎంత తెలివి. ఎదురుగా మనిషి అడిగితే ఒక్క నిజం చెప్పలేని దానికి రాతలో ఎంత తెలివి.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్. "అమ్మా, ఏందిది? ఏడు లెక్కలో పడతాండాయి చుక్కలు. ఐదు పడి రెండు ఆగుతాండాయి. మధ్యలో ఆ గొంతు ఎవరిది?"

"కట్టెలకు వచ్చినామె సార్. పేరు తెలియదు."

గొంతు పెగిలింది. ఒక్క తడబాటు లేకుండా.

ఆ ఏడు లెక్క మీదే మూడో వాన మొత్తం కట్టారు. డ్రమ్స్ ఐదు కొట్టి రెండు వదులుతాయి. కూనిరాగాన్ని మొదట ఒక్క వయొలిన్ అందుకుంటుంది, తర్వాత గిటారు, చివర్లో అందరూ. నడుమ ఒకచోట ఆ గొంతు హఠాత్తుగా ఆగి, ఒక మొద్దు చప్పుడు వినిపించి, మళ్లీ మొదలవుతుంది. సార్ దాన్ని అలాగే ఉంచారు. ఆల్బం బయటికి వచ్చాక ఎక్కడెక్కడివాళ్లో రాశారు. ప్రకృతికి తనదైన లెక్క ఉంటుందని ఒకరు. అడవి ఊపిరి బిగబట్టిన క్షణం అని ఆ ఆగిన చోటు గురించి ఇంకొకరు. మొదట చదివి నవ్వాను. సుందరమ్మత్త బీట పలకను తీసి పక్కన పెట్టిన క్షణం అది. మర్నాడు క్యారేజీతో ఆమె ముందు నుంచి వెళ్లేటప్పుడు అడుగు వేగం పెంచాను.

ఆల్బంతో పాటు చిన్న పుస్తకం ఇచ్చారు. అందులో చివర నా పేరు ఉంది, శబ్ద సేకరణ అని. నా పేరు అచ్చులో చూడటం అదే మొదటిసారి. దాని కింద ఇంకొక వాక్యం: "అడవిలో పేరు తెలియని ఒక గొంతుకు కృతజ్ఞతలు."

పేరు నాకు తెలుసు. రోజూ చూస్తాను. "ఏం కూర పాపా?" అని ఆమె అడుగుతుంది. నేను చెబుతాను.

ఎందుకు చేశాను? పలక కూడా కొండలోంచి వచ్చిందే కదా, అదీ ప్రకృతే కదా అని కొన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. అది పుస్తకాలు చదివే దాని సాకు. అడవికి వెళ్లలేకపోయాను సార్, మా నాయన పనిచేసే షెడ్డులో ఇది దొరికింది, వింటారా అని రాసి ఉంటే ఏమయ్యేది? ఆయన ఎగిరి గంతేసేవారు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా రాయలేదంటే అది బిడియం కాదు. కాలేజీ ఫారాల్లో నాయన పని దగ్గర "వ్యాపారం" అని రాసిన చెయ్యే ఇది కూడా రాసింది. నాయన చొక్కా దులిపితే లేచే బూడిదరంగు దుమ్ము, ఆ షెడ్డు, అక్కడి ఆడవాళ్లు సార్ కంటపడటం నాకు ఇష్టం లేదు. అడవి అందంగా ఉంటుందని పుస్తకాల్లో చదివాను. షెడ్డు అందంగా ఉంటుందని ఎవరూ రాయలేదు. రాయకపోతే నాకు చెవులు లేవా? బాగా వింటానని పేరు పడ్డ దాన్ని కదా.

విచిత్రం ఏమిటంటే, ఆ సంగీతమే నాకు షెడ్డును చూపించింది. మూడో వాన విని విని, ఇప్పుడు క్యారేజీతో గేటు దగ్గరికి రాగానే అడుగులు వాటంతటవే ఐదు పడి రెండు ఆగుతాయి. నాయన పనిని దగ్గర నిలబడి చూడటం అలవాటైంది. అడిగితే ఆయన చెబుతాడు, సంతోషంగా చెబుతాడు. దొంగిలించిన వస్తువు నన్ను ఇంత బాగా చూసుకుంటుందని అనుకోలేదు. సార్‌కూ సుందరమ్మత్తకూ ఒక్కరోజైనా మనసులో దండం పెట్టుకోకుండా నిద్రపోలేదు. మనసులో పెట్టుకునే దండం ఎవరికి అందుతుంది?

పదిరోజుల కిందట సార్ మెసేజ్ పెట్టారు. ఆల్బంను గ్రామఫోన్ రికార్డుగా వేస్తున్నారట. పెద్ద అట్ట, కొత్త పుస్తకం. ఈ ఆదివారం ఫొటోలు తీసే ఆయనతో వస్తున్నారు. "ఆ బండ దగ్గరికి నువ్వే తీసుకపోవాల. ఆమె ఎవరో ఆ చుట్టుపక్కల అడుగుదాం. ఈసారి పేరు లేకుండా వేయకూడదు."

నాలుగేళ్లలో మొదటిసారి ఆయన ఆ పేరు కోసం వస్తున్నారు. ఆమె లేని అడవికి.

ఈ పొద్దున ఆయనకు అంతా రాసి పంపించాను. చెక్‌పోస్టు, టీ, కరెంటు, సంచి, అన్నీ. చదివినట్టు గుర్తు పడింది. జవాబు ఇంకా రాలేదు. రాకపోవచ్చు. ఇన్నాళ్ల బరువు దిగిందా అంటే చెప్పలేను. కానీ ఆ "ఎండగా ఉంది" కింద మిగిలిన పేజీ అంతా ఇప్పుడు నిండింది. చెయ్యి నొప్పిగా ఉంది. హాయిగానూ ఉంది.

అయితే సార్ కంటే ముందు చెప్పాల్సిన మనిషి ఒకరున్నారు. ఆమెకు నిన్ననే చెప్పాను. అన్నం వేళ, పక్కన కూర్చుని, ఇయర్‌ఫోన్ ఒకటి ఆమె చెవిలో, ఒకటి నా చెవిలో పెట్టాను.

"ఏంది పాపా, సినిమా పాటా?"

"కాదత్తా. విను."

విన్నది. కాసేపటికి ఒళ్లో ఉన్న కుడిచేతి వేళ్లు కదలడం మొదలుపెట్టాయి. ఐదు కదిలి రెండు ఆగుతున్నాయి.

"ఇవి నా పలకలు గదా," అన్నది. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. మొద్దు చప్పుడు వచ్చిన చోట వేలెత్తింది. "అదిగో, బీటది. తీసేసినా చూడు." తర్వాత వయొలిన్లు లేచాయి. ఆమె నా వైపు తిరిగింది. "ఈ ఫిడేళ్లేంది, నా ఎనకాల్నే వస్తాండాయి?"

"అది నీ రాగమే అత్తా. నీకు చెప్పకుండా పట్టుకున్నా. మా సార్‌కు అడవిలో ఎవరో పాడుతున్నారని చెప్పినా."

"అడవిలోనా? పని ఎగ్గొట్టి అడవికి పోయినానంటే మీ నాయన ఊరుకుంటాడా?" అని నవ్వింది. "అయినా అది రాగమేంది. మంచి పలక ఎట్ల పలుకుతుందో దాన్ని గొంతులో పట్టుకోనుంటా. చెడ్డది వస్తే దాంతో కలవదు. ఆ పొద్దు జలుబు కూడా ఉన్నట్టుండాది నాకు. చెప్పింటే ఇంకో దినం పెట్టుకుందుము గదా."

ఇయర్‌ఫోన్ తీసి, కొంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది.

"ఎన్నాళ్లయింది?"

"నాలుగేండ్లు."

"నాలుగేండ్లు," అన్నది. ఇప్పుడు నవ్వు లేదు. "దినామూ క్యారేజీ పట్టుకోని నా ముందర్నే పోతా ఉంటివి."

కోపమా అత్తా అని అడిగాను. సార్ నీ పేరు కోసమే వస్తున్నారని కూడా చెప్పాను. ఆమె పలక అందుకుని ఎడమ చేతి మీద నిలబెట్టింది. ఐదు దెబ్బలు. దించింది. ఇంకొకటి. నేను ఖాళీ క్యారేజీ తీసుకుని లేచాను. గేటు దాకా వచ్చాక వెనక ఆ దెబ్బలు ఆగాయి.

"పాపా, మీ సారుకు ఉత్త సుందరమ్మ అని చెప్పబాక. మా పల్లెలోనే నలుగురు సుందరమ్మలు ఉండారు. పలకలు వినే సుందరమ్మ అని చెప్పు."