నొప్పి ఎంతంటే మూడు అనేది

ఆ ఆదివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి మా చెల్లెలు షారోన్ ఆట ఆపి, కుడికాలి షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. స్కోరుబోర్డు పైన గడియారం ఉండేది కాబట్టి సమయం గుర్తుంది. కెనడాలో, స్కార్‌బరోలో మేం ఆడే బ్యాడ్మింటన్ హాల్లో క్లబ్ టోర్నమెంటు సెమీఫైనల్ జరుగుతోంది. మూడో గేమ్, పద్దెనిమిది పద్దెనిమిది.

లేసు ఊడలేదు. నేను చూశాను. ఊడకపోయినా కట్టుకోవడం నేను నేర్పిన పద్ధతే. ఎదుటివాళ్ళు వరసగా పాయింట్లు తీసుకుంటున్నప్పుడు వాళ్ళ ఊపు ఆపడానికి, మన ఆయాసం వాళ్ళకు తెలియకుండా ఊపిరి తీసుకోవడానికి ఆటగాళ్ళు ఇలాంటివి చేస్తారు. షారోన్‌కి చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు చెప్పినా చేసేది కాదు. ఆ రోజు చేసింది. ఇప్పటికి దీనికి ఆట అర్థమైంది అనుకుని సంతోషించాను. మామూలుగా ఎవరైనా ఒక మోకాలి మీద వంగి లేసు కట్టుకుంటారు. షారోన్ నేల మీద కూర్చుని, కాలు చాపుకుని కట్టుకుంది. అదీ చూశాను. చూసి ఊరుకున్నాను.

మాది నర్సాపురం. నాన్న మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. చర్చి వెనక ఖాళీ స్థలంలో సిమెంటు కోర్టు వేయించి మా ఇద్దరికీ ఆట నేర్పారు. నేను ఆరేళ్ళు పెద్ద. నాకు మణికట్టు పనితనం లేదు. పరిగెత్తి, ఓపిక పట్టి, ఎదుటివాళ్ళు విసిగి తప్పు చేసేదాకా ఆడి గెలిచేదాన్ని. అలా స్టేట్ టీములోకి వెళ్ళాను, అక్కడితో ఆగిపోయాను. షారోన్‌ది వేరు. నెట్ దగ్గర షటిల్ అలా తాకితే చాలు, అవతలి వైపు టేపు అంచునే జారేది. ఎవరూ నేర్పలేదు. నాన్న నవ్వుతూ, "మీ ఇద్దర్నీ కలిపి ఒక్కదాన్నే కనుంటే ఇండియాకి ఆడేది" అనేవారు.

కానీ షారోన్ ముఖంలో అన్నీ కనబడేవి. అలిసిపోతే తెలిసేది, భయపడితే తెలిసేది. జూనియర్ నేషనల్స్‌లో పంతొమ్మిది పదిహేనుతో ముందుండి కూడా ఓడిపోయింది. అప్పుడు సెలెక్టరు ఒకాయన మా ఎదుటే నాన్నతో అన్నారు: "అమ్మాయికి ఆట ఉంది మాస్టారూ, మైండ్ లేదు." ఆ మాట మా ఇంట్లో చాలా ఏళ్ళు ఉండిపోయింది. ఆ మైండేదో నేను ఇస్తాననుకున్నాను. రోజూ నలభై షటిల్స్ వేసేదాన్ని. తప్పు కొట్టినప్పుడు ముఖం మారితే మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలు. "ముఖం కనబడనివ్వకు" అన్నది నేను తనకు అన్నిటికన్నా ఎక్కువ సార్లు చెప్పిన మాట.

నేను ఉద్యోగానికి కెనడా వచ్చి స్థిరపడ్డాను. షారోన్ తర్వాత స్టడీ పర్మిట్ మీద డిప్లొమాకి వచ్చింది. అప్పుడు ఏ బస్సు ఎక్కినా కాలేజీ బ్యాగులే కనబడేవి. గదులు దొరక్క పిల్లలు బేస్‌మెంట్లలో అయిదారుగురు సర్దుకునేవారు. షారోన్ నా అపార్ట్‌మెంటులోనే ఉండేది. పొద్దున్న కాలేజీ, మధ్యాహ్నం కాఫీ షాపులో నిలబడి షిఫ్టు, సాయంత్రం హాలు. ప్రావిన్స్‌లో పెద్ద ఓపెన్ టోర్నమెంట్లు ఆడాలనీ, ఇక్కడి ర్యాంకింగ్ అమ్మాయిల్ని ఓడించాలనీ తన కోరిక. నాకు తనకన్నా ఎక్కువ.

కుంటుతోందని మొదట గమనించింది రాజిరెడ్డి అంకుల్. హైదరాబాద్ ఆయన, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనివారాలు మాతో ఆడేవారు.

"ఏం బిడ్డా, మొన్న ఇరవై ఒకటి నాలుగుతోని నన్ను కొట్టినవ్. ఇయ్యాల ఆరు ఇచ్చినవ్. నా ఆట మెరుగైందా, నీ కాలు ఖరాబైందా?" అన్నారు.

షారోన్ నవ్వింది. "మీ ఆటే అంకుల్."

ఆయన నా వైపు తిరిగి, "నవ్వుతాలు కాదు ప్రసన్నా, పిల్ల కాలు ఈడుస్తున్నది" అన్నారు.

"అది దాని ఎత్తుగడ అంకుల్, మీరు పడిపోయారు" అన్నాను. పక్క కోర్టు వాళ్ళు కూడా నవ్వారు.

అయినా అపాయింట్‌మెంట్ అక్కర్లేని వాక్-ఇన్ క్లినిక్‌కి తీసుకెళ్ళాను. డాక్టరు మోకాలు వంచి చూశారు. ఒకటి నుంచి పది వరకు అనుకుంటే నొప్పి ఎంత అని అడిగారు. షారోన్ "మూడు" అంది. రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వస్తోందా అన్నారు. లేదంది. పక్క మంచం మీద పడుకునేదాన్ని నేను. పొద్దున్నే తన దుప్పటి నొప్పి బామ్ వాసన వేసేది. ఆటగాళ్ళ దుప్పట్లు అలాగే ఉంటాయి కదా అనుకుని నేనూ ఏమీ చెప్పలేదు.

"టెండనైటిస్‌లా ఉంది, కండరం ఎముకకు అతికే చోట వాపు. రెస్ట్, ఐస్. నాలుగు వారాల్లో తగ్గకపోతే తప్పకుండా రండి, ఎక్స్-రే తీద్దాం" అన్నారాయన. తనకు తెలిసినదాన్ని బట్టి ఆయన సరిగ్గానే చెప్పారు. నాలుగు వారాలు అయ్యాక "తగ్గిందా?" అని అడిగాను. "తగ్గింది" అంది. వాటర్లూ అనే ఊళ్ళో టోర్నమెంటుకి పది రోజులుంది. నాకూ ఆ జవాబే కావాలి.

వాటర్లూలో ఫైనల్ మూడో గేమ్ ఇరవై ఒకటి పంతొమ్మిదితో షారోన్ గెలిచింది. అంత దగ్గరి స్కోరుతో తను పెద్ద మ్యాచ్ గెలవడం అదే మొదలు. ఎదుటి అమ్మాయి చెయ్యి కలిపి, "నీ ముఖం చూస్తే ఏమీ తెలియలేదు" అంది. అది విని నాకు కళ్ళ నీళ్ళు వచ్చాయి. నాన్నకి ఫోన్ చేసి ఆ మాటే ముందు చెప్పాను, తర్వాతే స్కోరు.

తిరుగు ప్రయాణంలో స్కార్‌బరోలో బస్సు దిగేటప్పుడు షారోన్ మెట్టు మీద ఆగిపోయింది. "అక్కా, కాలు కింద పెట్టలేకపోతున్నాను" అంది. ఇంటికొచ్చి ప్యాంటు పైకి మడిచి చూస్తే, మోకాలి పైన తొడ ఎముక దగ్గర వాపు. గట్టిగా ఉంది, వేడిగా ఉంది. ఒక్కరోజులో వచ్చిన వాపు కాదు.

ఎమర్జెన్సీలో మళ్ళీ అదే ప్రశ్న. "నాలుగు" అంది. మా కన్నా ఎక్కువ అంకె చెప్పినవాళ్ళు ముందు లోపలికి వెళ్ళారు. చాలా గంటలు కూర్చున్నాం. ఎక్స్-రే తీశాక ఒక యువ డాక్టరు వచ్చి తలుపు వేశారు. అప్పటివరకు ఎవరూ ఆ తలుపు వేయలేదు.

"మోకాలి పైన ఎముక ఉండాల్సినట్టు లేదు. ఎమ్మారై చేయాలి. బహుశా బయాప్సీ కూడా. ఈ వారంలోనే" అన్నారు.

ఎమ్మారై, బయాప్సీ, ఛాతీ సీటీ స్కాన్ అయ్యాయి. ఆంకాలజిస్టు నడివయసు స్త్రీ, నెమ్మదిగా మాట్లాడేవారు. జబ్బు పేరు ఆస్టియోసార్కోమా అన్నారు, ఎముకలో పుట్టే క్యాన్సరు. ముందు కీమో, తర్వాత సర్జరీ, మళ్ళీ కీమో.

"నొప్పి ఎప్పటి నుంచి?" అని అడిగారు.

షారోన్ నా వైపు చూసింది. "ఒక నెల..." అంది. ఆవిడ రాసుకోకుండా ఆగారు. షారోన్ తల దించుకుని, "ఎనిమిది నెలలు" అంది.

కారిడార్‌లో ఆవిడను ఆపి, ముందే వచ్చుంటే అని అడిగాను. "నాకు తెలియదు. తెలుసని చెప్తే అబద్ధం అవుతుంది" అన్నారు. ఊరట కోసం అడిగాను. దొరకలేదు. అయినా ఆ మాట కోసం ఆవిడను ఇప్పటికీ గౌరవిస్తాను.

కీమో రెండో సైకిల్ తర్వాత మ్యూకోసైటిస్ వచ్చింది. నోరంతా పుళ్ళు. ఉమ్మి మింగడానికి కూడా తను ఆగి, సిద్ధపడి, మింగేది. నర్సు వచ్చి నొప్పి నంబరు అడిగింది. షారోన్ నాలుగు వేళ్ళు చూపించింది.

"నిజం చెప్పవే" అన్నాను.

తను ఒక్కో మాటా ఆగి ఆగి పలికింది. "చెప్తే నువ్వు మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడతావు."

జోకు లాగే అంది. నవ్వడానికి పెదవులు సాగవు, అందుకని కళ్ళతో నవ్వింది. నాకు ఆ సెమీఫైనల్ గుర్తొచ్చింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఆ రోజు లేసు కట్టుకుని ఆ అమ్మాయిని భలే ఆపావు" అన్నాను.

"ఆపడానికి కాదక్కా. కాలు ఆనలేదు. కూర్చోడానికి వేరే దారి తెలియలేదు. నువ్వు మురిసిపోతున్నావు, ఇంకేం చెప్పను?"

నర్సుకి మా తెలుగు అర్థం కాలేదు, కానీ మా ముఖాలు అర్థమయ్యాయి. షారోన్ మంచం పక్కన కూర్చుని ఇంగ్లీషులో అంది: "చూడమ్మా, నువ్వు ధైర్యవంతురాలివని నాకు చూపించక్కర్లేదు. నంబరు చెప్తే ఏ మందు ఇవ్వాలో నాకు తెలుస్తుంది. అంతే."

షారోన్ తొమ్మిది వేళ్ళు చూపించింది. చూపించి, చిన్నప్పుడు మ్యాచ్ ఓడిపోయినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది. ముఖమంతా కనబడేలా. నర్సు అప్పటికప్పుడు డాక్టరుకి ఫోన్ చేసి మార్ఫిన్ పంపు పెట్టించింది. ఆ మధ్యాహ్నం షారోన్ నాలుగు గంటలు నిద్రపోయింది. ఎనిమిది నెలల్లో ఎప్పుడు అడిగినా దొరికే సాయం అది అని కూర్చుని ఆలోచించాను.

సర్జరీలో జబ్బు ఉన్న ఎముక తీసి లోహపు మోకాలు పెట్టారు. అమ్మ నర్సాపురం నుంచి వచ్చింది. ఫిజియోథెరపీలో షారోన్ వాకర్ పట్టుకుని నడిచింది, తర్వాత చేతికర్రతో. అందరూ ఒకటే మాట. "స్పోర్ట్స్ అమ్మాయి, మనసు గట్టిది, గెలిచేస్తుంది." ఒక ఆదివారం మా తెలుగు చర్చిలో పాస్టరుగారు తనను సాక్ష్యం చెప్పమన్నారు. స్వస్థత పొందినవాళ్ళు ముందుకొచ్చి దేవుడు చేసిన మేలు చెప్పడం మాకు అలవాటు. షారోన్ కర్ర ఊతంతో వెళ్ళి మైకు తీసుకుంది.

"నాకు ఇంకా నొప్పిగా ఉంది. మళ్ళీ వస్తుందేమోనని భయంగా ఉంది. ప్రార్థన చేయండి" అని వచ్చి కూర్చుంది.

తర్వాత వెనక వరసలో ఒక పెద్దావిడ లేచి, "నాకూ రొమ్ములో గడ్డ ఉందమ్మా, ఎవరికీ చెప్పలేదు" అంది. అమ్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది.

అయిదు నెలల తర్వాత సీటీలో ఊపిరితిత్తుల్లో నాడ్యూల్స్, అంటే చిన్న గడ్డలు, కనబడ్డాయి. ఒకసారి తీశారు. మళ్ళీ వచ్చాయి. ఇంకొక మందు ప్రయత్నించారు. పని చేయలేదు. ఆంకాలజిస్టు షారోన్‌నే అడిగారు, ఏం కావాలని. తను పేలియేటివ్ కేర్ అంది, ఇక జబ్బు కోసం కాక నొప్పి తగ్గించడానికే చేసే వైద్యం. అప్పుడు కూడా కొందరు ఫోన్ చేసి, "పోరాటం వదలొద్దని చెప్పండి" అన్నారు. నేను చెప్పలేదు. ఆ మాట తనకు నేను సరిపడా చెప్పాను.

నాన్నకి అప్పుడు గుండె ఆపరేషన్ అయింది. ప్రయాణం వద్దన్నారు. వీడియో కాల్‌లో, "నొప్పి ఎంతరా తల్లీ?" అని అడిగారు.

"ఎనిమిది, డాడీ."

ఆయన కెమెరా ఆపేశారు. కాసేపటికి మళ్ళీ పెట్టి, "చెప్పి మంచి పని చేశావు" అన్నారు.

షారోన్ మార్చిలో, ఒక మంగళవారం ఉదయం పోయింది. అమ్మా నేనూ దగ్గరున్నాం. తనకు ఇరవై నాలుగేళ్ళు.

పైస్థాయిలో నైపుణ్యం అందరికీ ఉంటుంది, గెలిపించేది మనసే అని నేను హాల్లో ఆడే పిల్లలకు చెప్పేదాన్ని. ఆటలో అది నిజమే కావచ్చు. ఇప్పుడు నాకు దాని మీద అభిప్రాయం లేదు. షారోన్ చేతిలో ఉన్నది తన సొంతం. ముఖంలో కనబడేదీ తన సొంతమే. రెండోదాన్ని లోపం అన్నాం. నేను దాన్ని దిద్దాను. బాగా దిద్దాను.

ఒక ఏడాది హాలు వైపు వెళ్ళలేదు. డిప్రెషన్‌కి మందులు వాడాను, కౌన్సెలర్ దగ్గరికి ఇప్పటికీ వెళ్తున్నాను. రాజిరెడ్డి అంకుల్ ప్రతి శనివారం ఫోన్ చేసి, "రాకున్నా మంచిదే. అడుగుతున్న, అంతే" అనేవారు. ఒక శనివారం వెళ్ళాను. ఇప్పుడు అక్కడ పన్నెండు మంది పిల్లలకు నేర్పుతున్నాను.

చదివేవాళ్ళకు ఒక్క మాట. డాక్టరు నొప్పికి అంకె అడిగితే, మనలో చాలామందికి తక్కువ చెప్పడం మర్యాద. అంకె చెప్పలేకపోతే, నొప్పి వల్ల ఏ పనులు మానేశారో ఇంటి దగ్గరే కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. మెట్లు ఎక్కడం లేదని, నిద్ర మధ్యలో లేస్తున్నానని, ఎప్పటి నుంచో కూడా. ఆ కాగితం డాక్టరు చేతికివ్వండి. తోడు వెళ్ళినవాళ్ళు చూసింది చూసినట్టు చెప్పండి.

మా హాల్లో పిల్లలు కోర్టులోకి దిగేముందు ఒక్కొక్కరూ ఎక్కడ నొప్పిగా ఉందో చెప్తారు. ఆడుతుండగా నొప్పి వస్తే చెయ్యెత్తుతారు, ఆట ఆగుతుంది. ఊడని లేసు ఎవరూ కట్టుకోరు.