చిల్లు బిళ్ళ

విదేశంలో, క్వేకర్స్ హిల్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, వీధిలో ఎవరో పాత సామాన్లు అమ్ముతుంటే గుండీల డబ్బా ఒకటి కొన్నాను. అందులో నడిమధ్య చిల్లున్న రాగి బిళ్ళ దొరికింది. అచ్చం మా చిన్నప్పటి చిల్లుకాణీ. మా వైపు వాటిని పిల్లల మొలతాడుకు కట్టేవారు. నేనూ చింతపండుతో తోమి, ఏడాది నిండిన మనవడికి కట్టాను.

మర్నాడు వాణ్ణి పెరట్లో ఎండకు కూర్చోబెట్టాను. పక్కింటి ఇటలీ ముసలాయన కంచె మీంచి ఆ బిళ్ళను చూసి గట్టిగా ఏదో అన్నాడు. మా అమ్మాయిని పిలిచాను.

“అరవకుండా చెప్పమను.”

“అమ్మా, అది కాయిన్ కాదంట. వరల్డ్ వార్ టైంలో ఇక్కడి గవర్నమెంట్ ఇటలీవాళ్ళని ఎనిమీస్ అని క్యాంపులో పెట్టి ఈ టోకెన్లు ఇచ్చారంట. లోపలే చెల్లుతాయి. పారిపోయినా బయట పనికిరాకూడదని.”

“ఆయనకెట్లా తెలుసే?”

“వాళ్ళ డాడీ అందులోనే పోయారంట. ఆయన బట్టల మూటలో ఇవి ఇంటికి వచ్చాయంట. చిన్నప్పుడు ఈయన బ్రెడ్ కొనడానికి పట్టుకెళితే షాపువాడు తరిమేశాడంట. బేబీకి ఎందుకు కట్టారని అడుగుతున్నారు.”

“దిష్టి తగలకుండా అని చెప్పు.”

ఆయన విని తల అడ్డంగా ఊపాడు. ‘అది మా నాన్నను కాపాడలేదు కదా’ అన్నాడట.

కత్తెర తెచ్చి మొలతాడు కత్తిరించాను. బిళ్ళ ఆయనకివ్వబోతే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

మొలతాడు లేకుండా బిడ్డను ఉంచకూడదంటారు మావాళ్ళు. ఆ రోజంతా వాడి నడుం బోసిగానే ఉంది. ఇంకో తాడు కట్టడానికి నాకు చేతులు రాలేదు.