గుత్తికి రెండుంచు

ఈ మలై దేశపు బంటింగ్‌లో తెలుగు బతికుందంటే అది తన చలవేనని కూర్మయ్య గట్టి నమ్మకం. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా ఉన్నన్నాళ్ళూ మలైలో కేకలేసిన మనిషి, రిటైరవగానే మా తెలుగు సంఘం శాఖకు అధ్యక్షుడై కూర్చున్నాడు. ఆ వెంటనే ఇంట్లో మలై మాట గాని, తమిళం మాట గాని వినపడకూడదని శాసనం చేశాడు. శాసనం ఎవరి మీద? కొడుకు వినోద్‌కుమార్ షిఫ్టులకు పోతాడు. ఇంట్లో మిగిలేది కోడలు పునిత ఒక్కతే.

పునిత క్లాంగ్ పట్నంలో తమిళుల మధ్య పెరిగిన పిల్ల. తెలుగు వింటే సగం తెలుస్తుంది, మాట్లాడాలంటే వచ్చీరాని ముక్కలే. ఆమెకు నాలుగు మాటలు నేర్పుదామన్న ఊహ అధ్యక్షులవారికి ఎన్నడూ రాలేదు. తెలుగంటే వేదికెక్కి కాపాడేది గాని, వంటింట్లో నేర్పేది కాదు కదా!

వాళ్ళింటి ముందు లేత జంబు చెట్టొకటి ఉంది, మన గులాబీజామ. కూర్మయ్య భార్య దేవుడమ్మ పోయే ముందు తన చేత్తో నాటిన అంటు. ఉపన్యాసాల్లో గొంతే గాని కళ్ళు తడవని మనిషికి, ఆ చెట్టు దగ్గర కళ్ళు తడిసేవి. అది మాత్రం నిజం, ఎగతాళి చేయను.

ఈ ఏడు తొలి కాపు. కొమ్మలు చూస్తే బొటనవేలంత లేవు, గుత్తికి ఏడెనిమిది పిందెలు. అన్నీ వదిలేస్తే కొమ్మ విరుగుతుంది, చెట్టే దక్కదు. ఆ సంగతి కూర్మయ్యకు బాగా తెలుసు. తెలిసీ, ఉగాది సభ పనులంటూ పట్నంలోని బ్రిక్‌ఫీల్డ్స్ పోయి, మైకు గోల మధ్య నుంచి ఫోను చేశాడు.

"అమ్మా పునితా, జంబు పిందెలు గుత్తికి రెండుంచు!"

"బువాంగ్ దువా, లా, మావయ్యా?" అంది పునిత. రెండు తీసి పారెయ్యాలా అని పాపం అడగడం; చివరి 'లా' ఇక్కడందరికీ ఊతపదం.

"మలై మాట వద్దన్నానా! తెలుగులో అడుగు!"

తెలుగులో అడగ్గలిగితే మలైలో ఎందుకడుగుతుంది? "సరే మావయ్యా" అని ఫోను పెట్టేసి, ఒక్క గుత్తీ వదలకుండా రెండేసి పిందెలు తుంచి పారేసింది.

ఆ తర్వాత అధ్యక్షులవారు చెట్టు వంక చూస్తే ఒట్టు. చీకటితో పోవడం, చీకటితో రావడం. ఉపన్యాసం పేరు 'ఇంటింటా తెలుగు'. ఇక్కడ కాయలు ఎర్రబడి బరువెక్కాయి. ఉగాది ముందురోజు సాయంత్రం వానకి పెద్దకొమ్మ మొదలుదాకా చీలి నేలకొరిగింది.

కూర్మయ్య బురదలోనే కూలబడ్డాడు. "దేవుడమ్మ సెట్టు! ఏటి సేసినావే పిల్లా? రెండేగదా ఉంచమన్నాను!"

"రెండే తుంచినాను మావయ్యా. మీరు సెప్పినట్టే సేసినాను." పునిత ఏడుస్తోంది. "ఉంచు అంటే ఏటి?"

తుంచు ఆమెకు తెలుసు, పుట్టింట్లో కరివేపాకు తుంచమనేవారు. ఉంచడానికి మాత్రం అక్కడ తమిళం మాటే. అందుకే ఆ మైకు గోలలో 'ఉంచు' కాస్తా ఆమెకు 'తుంచు'గా వినపడింది.

"ఉంచు అంటే... ఉంచడమే" అన్నాడు కూర్మయ్య. కోడలి మొహం చూశాడు, చీలిన కొమ్మ చూశాడు. గొంతు తగ్గించి, మలైలో "తింగాల్" అన్నాడు. "తింగాల్ దువా."

"అయ్యో! ఆ మాట ఆరోజే సెప్పకూడదా, లా?"

మర్నాడు హాల్లో 'ఇంటింటా తెలుగు' బ్యానరు వేలాడింది గాని, ఉపన్యాసకుడు రాలేదు. ఆకులు పట్టుకుంటే కాలిన చేతులు బాగవుతాయా అంటే ఏమో, ఆ పెద్దమనిషి మాత్రం మిగిలిన కొమ్మలకు కర్రలు ఆనించి పట్టుకుని నిలబడ్డాడు. పునిత స్టూలెక్కింది.

"ఇది ఉంచాలా, తుంచాలా, మావయ్యా?"

"ఉంచు."

"ఇది?"

"తుంచమ్మా."

చెట్టు దక్కింది. ఇన్నేళ్ళ భాషాసేవలో కూర్మయ్య ఒకరికి నేర్పిన తెలుగు మాత్రం ఆ రెండు మాటలే.