ఎదుటి వింగులోని గొంతు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతను కొండంత చేస్తాను. చదివేటప్పుడు కాస్త తగ్గించుకోండి.

మా వీధి రాజయ్య మామ జుట్టు నెరిసేదాకా నాటకాలాడి, సినిమాల్లో జమీందారు వేషాలు వేసిన నటుడు. ఆయన గొంతెత్తితే పాల్వంచ చిమ్నీల పొగ పక్కకు వంగేది. తెర పక్కన వింగులో నిలబడి ఆయనకు మాటలందించేది ఆయన భార్య, మా సుశీలత్త. ఆమె చనిపోయిన ఏడాదికి కాలనీ హాల్లో ఓ మధ్యాహ్నం మామ నాటకం పెట్టారు. అత్త స్థానంలో నన్ను నిలబెట్టారు.

"మాట మర్చిపోతే నా పేరు గిక్కడ్నే ఖతం అల్లుడా. జల్దీ అందియ్యి," అన్నాడు మామ.

"నువ్వు మర్చిపోవుడేంది మామా? నీ డైలాగులు కిన్నెరసాని మొసళ్లకు సుత వచ్చు."

పదివేల మంది జనం. రెండో అంకంలో మామ ఉన్నట్టుండి ఆగిపోయాడు. కంగారులో నాకు పుస్తకంలో అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. అంతలో ఎదుటి వింగులోంచి ఒక ఆడగొంతు మెల్లగా అందించింది.

"తలుపు తియ్యి, నేనే వచ్చాను."

మామ ఆ మాట అందుకుని నాటకాన్ని ఒడ్డున పడేశాడు. తెర పడ్డాక అటే చూస్తూ, "వచ్చినవానే?" అన్నాడు. నేను పరుగున వెళ్లి చూశాను. అక్కడ గోడకు ఆనించిన పాత బీరువాయే ఉంది, మనిషి నిలబడే చోటే లేదు.

చిమ్నీల పొగ వంగలేదు. పదివేల మందీ నా కల్పనే. వచ్చింది అరవై మంది, అందులో సగం నైట్ షిఫ్టు దిగి కునుకుతున్నవాళ్లు. ఆ గొంతు కూడా కల్పనేనని రాసేస్తే హాయిగా నిద్రపోదును. రాయలేకపోతున్నాను.