ఉడుత కంటిరెప్ప

ఒక అబద్ధం నాలో కూర్చుని చాలా కాలమైంది. కరోనా రోజుల్లో లోపలికి వచ్చింది. మాస్కులు తీసేశాం, మగ్గాలు మళ్ళీ మోగుతున్నాయి, అది మాత్రం కదల్లేదు. నా పేరు మీకు అక్కర్లేదు. సంగతి మాత్రం వినండి.

సూరత్‌లో, గోడాదరా పేట మగ్గాల చప్పుడులో పెరిగాను. కంప్యూటర్‌లో బొమ్మలను కదిలించే విద్య నాకెవరూ నేర్పలేదు. లైబ్రరీలో ఒక లావుపాటి ఇంగ్లిష్ పుస్తకాన్ని, పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. లాక్‌డౌన్‌లో లైబ్రరీ మూతపడితే ఆ పుస్తకం మా ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని చూసినప్పుడల్లా ఛాతీ పొంగేది. ఈ పొగరు సంగతి ముందే చెప్పాలి. తప్పు అక్కడే మొదలైంది.

అప్పుడు నేను పనిచేసే ఒక చిన్న స్టూడియో, ఇళ్ళలో ఇరుక్కుపోయిన పిల్లల కోసం సాయంత్రాలు ఆన్‌లైన్‌లో ఒక ఉడుత బొమ్మను ఆడించేది. ఆ ఉడుతకు ప్రాణం సరితక్క. మా పెద్దలు వలస వచ్చిన కరీంనగర్ వైపు మనిషే, సూరత్‌లోనే నవాగామ్‌లో ఉండేది. ఆమె తన ఇంట్లో కెమెరా ముందు నవ్వితే, మా ఇంట్లో నా కంప్యూటర్ మీద ఉడుత నవ్వేది. మధ్యలో నెట్ మీద ప్రయాణించేవి అంకెలే. కనుబొమ్మ ఎంత లేచింది, దవడ ఎంత తెరుచుకుంది, పెదవి ఎంత సాగింది: ఒక్కో కదలికకు ఒక్కో చానెల్. మామూలుగా అంకెతో పాటు ఆ చానెల్ పేరు కూడా వస్తుంది. ఫోన్ నెట్ మీద బరువు తగ్గాలని పేర్లు నేనే తీసేయించాను. ఇక వరుసే ఆధారం. మొదటి అంకె కనుబొమ్మకు, రెండోది దవడకు, మూడోది పెదవికి.

ఒకరోజు ఉడుతకు రెప్పలు కూడా ఆడితే బాగుంటుందనిపించింది. నా కంప్యూటర్‌లో కనుబొమ్మ తర్వాత రెప్పకో చానెల్ చేర్చాను. సరితక్కకు చెప్పలేదు. పేరును బట్టి ఏ అంకైనా దాని చోటికే వెళ్తుందని పుస్తకంలో ఉంది కదా! ఆ పేర్లు తీసేయించింది నేనేనని ఎలా మరిచిపోయాను? పడుగు మధ్యలో ఒక పోగు ఎక్కువైతే దాని తర్వాతవన్నీ పక్కకు జరిగి బట్ట మీది పువ్వు వంకరపోతుందని, మాటలు రాకముందే చూసినవాణ్ణి.

ఆ సాయంత్రం సరితక్క నోరు తెరిచినప్పుడల్లా ఉడుత కళ్ళు మూసుకుంది. ఆమె నవ్వితే దాని దవడ వేలాడింది. గొంతు నవ్వుతోంది, ముఖం ఏడుస్తోంది. చిన్నపిల్లలు జడుసుకున్నారు.

ఎవరి తప్పో చూడమన్నాడు స్టూడియో యజమాని సేఠ్. చూశాను. తెలిసిపోయింది. ఒక్క చానెల్‌ను వరుస చివరికి జరిపితే చాలు. కానీ అంత పుస్తకం చదివినవాడు ఇంత చిన్న చోట తప్పాడని నలుగురూ అనుకుంటే? ఇంతలో సరితక్కే ఫోన్ చేసింది.

“తమ్మీ, జర నిజం చెప్పు. గలత్ నా దిక్కుకెల్లేనా?”

“అవునక్కా. నీ దిక్కుకెల్లే.”

“ఏందిరా గిది! నేను నవ్వుతుంటే ఉడుత పీనుగ కాడ కూసున్నట్టు ఏడ్వవట్టె. నా మొఖం గంత సక్కగున్నదా?”

నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఇప్పటికీ అర్థం కాదు.

“పోరగాండ్లు బుగులువడ్డరు, గదే బాధ,” అంది. “జర నువ్వే సంభాలించు.”

అదే అబద్ధం సేఠ్‌కూ చెప్పాను. ఆయన ఆమెను మాన్పించి ఉడుతను నాకిచ్చాడు. రెప్పను చివరికి జరిపి, నా ముఖంతోనే ఆడించాను. తప్పులేమీ రాలేదు. అయినా ఒక పాప అడిగింది, ఉడుతకు జ్వరమా అని.

ఇన్నాళ్ళూ నన్ను నేను ఓదార్చుకున్నాను. ఆ రోజుల్లో ఎవరి పని మాత్రం నిలిచింది అనుకున్నాను. మొన్న మా పాత స్టూడియో వాళ్ళ వాట్సాప్ గ్రూపులో సరితక్క రాసింది: “మళ్ళ బొమ్మలాడించాలని ఉన్నది. నా దిక్కుకెల్లి జర గడబడ వస్తది, ముందే చెప్తున్న.” నా అబద్ధాన్ని తన లోపమనుకుని, నిజాయితీగా అందరికీ చెప్పుకుంటోంది. మోసుకు తిరుగుతున్నది నేనొక్కణ్ణే అనుకున్నానే!

ఈ ఉదయం అదే గ్రూపులో, అందరూ చదివేలా, రెప్ప సంగతి మొత్తం రాశాను. ఆమె దిక్కున ఏనాడూ గడబడ లేదని రాశాను. క్షమించమనలేదు. ఆ భారం కూడా ఆమె మీద ఎందుకు? చూసినట్టు నీలం గీతలు పడ్డాయి. జవాబు రాలేదు. విచిత్రం, ఊపిరి మాత్రం తేలిగ్గా ఆడుతోంది.

పాత ఉడుతను తెరిచాను. చానెళ్ళకు పేర్లు తిరిగి పెట్టి, ఆడించాలనుంటే ఉడుత సిద్ధమని ఆమెకు రాశాను. నా కంప్యూటర్ ఆమె అంకెల కోసం ఎదురుచూస్తోంది. ఇంకా ఒక్కటీ రాలేదు. రాకపోవచ్చు కూడా, అది ఆమె ఇష్టం. వస్తే మాత్రం, ఆమె నవ్వు ఈసారి నవ్వులాగే చేరుతుంది.