బారు మీది గదిలో చంద్రమ్మ

నారాయణఖేడ్ బస్టాండు వెనక సందులో, సైకిళ్ళ పంచర్ల దుకాణం దాటగానే సంగమేశ్వర్ ఇల్లు. ముందు గదే అతని దుకాణం. ముప్పై ఎనిమిదేళ్ళుగా అక్కడ కూర్చుని హార్మోనియంలు బాగు చేస్తున్నాడు. మనూర్, కల్హేర్, నాగల్‌గిద్ద... చుట్టుపక్కల ఏ ఊళ్ళో భజన మండలి ఉన్నా, వాళ్ళ పెట్టె ఎప్పుడో ఒకప్పుడు ఆ గదిలో మూత తెరుచుకుని పడుకోవలసిందే. తిత్తి చిరిగినవి వస్తాయి, ఎలుకలు తోలు కొరికినవి వస్తాయి, ఊరేగింపులో వానకు తడిసి ఉబ్బినవి వస్తాయి.

ఆ పని అతను పడుచుతనంలో బీదర్‌లో ఒక ముసలి ఉస్తాదు దగ్గర నేర్చుకున్నాడు. ఉస్తాదు మొదటి ఏడాదంతా పనిముట్టు ముట్టనివ్వలేదు. స్వరం వినడమే పని. పెట్టెలో ప్రతి మెట్టు కింద రెండు ఇత్తడి రేకులుంటాయి. రెండూ కలిసి ఒక్క గొంతుగా పలకాలి. కలవకపోతే స్వరం వణుకుతుంది. రేకు కొసన సన్నంగా గీకితే స్వరం పైకెక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది. ఎంత గీకాలో చెప్పేది చెవి ఒక్కటే. సంగమేశ్వర్ చెవికి ఉస్తాదు కూడా తల ఊపాడు.

అరవయ్యో ఏట ఆ చెవే మోసం చేసింది. మొదట కీచురాళ్ళు వినిపించడం మానేశాయి. ఆ ఏడు వానలు తక్కువ కదా, పురుగూ పుట్రా లేవనుకున్నాడు. తర్వాత మనుషుల మాటలు అంచులు అరిగిపోయినట్టు వినిపించసాగాయి. చివరికి పెట్టెలో పైమెట్లు నొక్కితే గాలి తప్ప ఏమీ తెలిసేది కాదు. కింది స్వరాల వణుకు మటుకు చెక్క మీద వేళ్ళు ఆనిస్తే తెలుస్తుంది. పైవాటికి ఆ ఉపాయమూ పనిచేయదు. ఎవరికీ చెప్పలేదు. చేతి అలవాటు మీద నెట్టుకొచ్చాడు.

ఒకరోజు మనూర్ భజన మండలి పెద్ద మల్లేష్, బాగు చేయించుకుపోయిన పెట్టెను పది రోజులకే బండి మీద వెనక్కి తెచ్చాడు.

"అన్నా, గీ పెట్టె మళ్ళ ఏడుస్తున్నది. పైన మెట్లు నొక్కితె పిల్లి గొంతు పిసికినట్టున్నది. భజనల అందరు నవ్విన్రు."

సంగమేశ్వర్ తిత్తి ఊపి మెట్లు నొక్కాడు. అతనికేమీ తేడా తెలియలేదు. బాగానే ఉంది కదా అనబోయాడు. అంతలో పరదా వెనక జొన్నలు చెరుగుతున్న భార్య చంద్రమ్మ గొంతు వినిపించింది.

"చివర నుంచి నాలుగోది పుల్లగున్నది. దాని పక్కది ఇంకా పచ్చిగనే ఉన్నది."

మల్లేష్ పకపకా నవ్వాడు. "సూడు, వదినకు గూడ తెలిసింది!"

అతనికది పరాచికం. సంగమేశ్వర్‌కు ముఖం కందిపోయింది. పెట్టె వదిలేసి మల్లేష్ వెళ్ళాక చంద్రమ్మ చేట పక్కన పెట్టి ముందు గదిలోకి వచ్చింది.

"ఎన్ని దినాల సంది ఇనవడ్తలేదు నీకు?"

"ఏంది ఇనవడ్తలేదు?"

"నాతోని దొంగాటలొద్దు. కుక్కర్ కూతేస్తె తల ఎత్తవ్. నేను మాట్లాడ్తె నా మూతి దిక్కు సూస్తవ్."

అతను పెట్టె మూత తెరిచాడు. "ఎవలకు చెప్పకు," అన్నాడు చివరికి.

ఆమె పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది. "పట్టు. ముందు ఆ పుల్లదాని సంగతి సూద్దాం."

చంద్రమ్మది నాగల్‌గిద్ద దగ్గరి పల్లె. తెలుగూ కన్నడమూ కలిసి పారే ఊరు. పిల్లప్పటి నుంచి కంది చేలలో కలుపు తీస్తూ పాట ఎత్తుకునేది ఆమే. ఆమె ఎత్తుకుంటే ముప్పై మంది అందుకునేవారు. ఆ ముప్పై మందిలో ఎవరి గొంతు కాస్త జారినా సాలు ఇవతలి నుంచే పేరు పెట్టి పిలిచేది. స్వరాల పేర్లు ఆమెకు తెలియవు. రేకు సరిగా లేకపోతే పుల్లగా ఉందనేది, పచ్చిగా ఉందనేది, ఎక్కువ గీకితే మాడిందనేది. సరిపోయాక పుట్టింటి కన్నడంలో "సాకు" అనేది. అంటే ఇక చాలని. ఆ మాట వినగానే సంగమేశ్వర్ ఆకురాయి కింద పెట్టేసేవాడు.

అలా మూడేళ్ళు నడిచింది. ఎవరైనా వస్తే ఆమె లేచి లోపలికి వెళ్ళిపోయేది. "నీ చెయ్యి పడితె పెట్టె పాడుతదన్నా," అని జనం మెచ్చుకుంటే అతను నవ్వి ఊరుకునేవాడు.

పోయిన చలికాలం, కందులు కోసే రోజుల్లో సికింద్రాబాద్ నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ చేసినాయన పేరు నెహెమ్యా. ఆదివారాలు చర్చిలో, మిగతా సాయంత్రాలు గుల్నార్ అనే పాత బారు మీది గదిలో పాడతాడు, హార్మోనియం వాయిస్తాడు. అక్కడ ఒక కాళ్ళ హార్మోనియం ఉంది. వెనకటి నాటకాల్లో ఉండేదే, కాళ్ళతో తొక్కుతూ రెండు చేతులా వాయించేది. ఏడాదిగా దాని గొంతు చెడింది. తీసుకొద్దామంటే మేడమెట్లు ఇరుకు, పెట్టె దిగదు. మెదక్‌లో ఒక పెట్టె గొంతు విని, బాగు చేసిందెవరని అడిగితే నారాయణఖేడ్ సంగమేశ్వర్ అని చెప్పారట.

"మీరొచ్చి చూస్తారా?" అని అడిగాడు.

సంగమేశ్వర్ వస్తానన్నాడు. ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి సంగతి చెప్పాడు.

"బారా? నేను బారుకు వస్తనా? తలకాయ ఉన్నదా నీకు?" అంది చంద్రమ్మ.

"బారు కింద. మనం పోయేది మీది గదికి."

"మీదికి పోవాల్నంటె కిందికెల్లే కదా పోవాలె."

అతను గడప మీద కూర్చున్నాడు. "నువ్వు రాకుంటె నేను పోను. ఫోన్ చేసి కాదంట."

ఆమె రొట్టె తిప్పింది, ఇంకో రొట్టె తట్టింది. "పొద్దుగాల పోయి జల్దీ బయట పడాలె. పక్కింటి మల్లీశ్వరికి మాత్రం చెప్పకు. ఖేడ్ అంతా చాటింపేస్తది," అంది.

తెల్లవారి మొదటి బస్సుకు బయలుదేరి, పదకొండు దాటాక సికింద్రాబాద్ చేరారు. గుల్నార్ రాతి కట్టడం. తలుపులకు రంగురంగుల అద్దాలు. లోపల ఫినాయిల్ వాసన, పొడుగు కడ్డీలకు వేలాడే పంకాలు, పాలరాతి బల్లలు. అప్పుడే ఇద్దరు ముసలివాళ్ళు ఉడకబెట్టిన పల్లీలు ముందు పెట్టుకుని పేపరు చదువుకుంటున్నారు. చంద్రమ్మ కొంగు నెత్తిన కప్పుకుని నేల చూపులతో నడిచింది.

యజమాని సోమనాథ్ ఎదురొచ్చాడు. ఆయన తాత బీదర్ వైపు నుంచి వచ్చి ఈ బారు పెట్టాడట. చంద్రమ్మ భర్తతో అన్న మాటలో యాస విని కన్నడంలో "ఊట ఆయ్తా, అమ్మా?" అని అడిగాడు. భోజనమైందా అని. ఆమె చప్పున తలెత్తింది. ఆ బారులో ఆమెకు తన మాట వినిపించింది. ఆ తర్వాత నేల చూపులు చూడలేదు.

మీది గది చిన్నదే. నలభై కుర్చీలు, ఒక జానెడెత్తు వేదిక, రోడ్డు వైపు మూడు కిటికీలు. గోడల నిండా అక్కడ పాడినవాళ్ళ ఫోటోలు. వేదిక మీద నల్లని కాళ్ళ హార్మోనియం. నెహెమ్యా పలచటి మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. సంగమేశ్వర్ పెట్టె తెరిచి చూసి, "తోలు మంచిగనే ఉన్నది. రేకులకే పని," అన్నాడు. అతనూ చంద్రమ్మా పెట్టె పక్కన కూర్చున్నారు. నెహెమ్యా కాళ్ళతో గాలి తొక్కుతూ ఒక్కో మెట్టూ నొక్కుతుంటే, చంద్రమ్మ చెబుతుంటే, సంగమేశ్వర్ గీకాడు.

కింద ఆటోలోంచి సీసాల డబ్బాలు దింపడం మొదలైంది. గలగలమని ఒకటే మోత. ఒక రేకు దగ్గర చంద్రమ్మ రెండుసార్లు తల అడ్డంగా ఊపింది. లేచి మెట్ల పైన నిలబడి కిందికి కేకేసింది.

"ఓ బిడ్డలాలా! గడియసేపు ఆగుండ్రి. ఈడ ఇనవడ్తలేదు!"

డబ్బాలు దింపేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. పేపరు చదివే ముసలాయన కూడా పేజీ తిప్పలేదు. సోమనాథ్ కిందినుంచే చేతులు జోడించాడు.

మూడింటికల్లా పైమెట్ల దాకా వచ్చారు. నెహెమ్యా చాలాసేపటి నుంచి వాళ్ళిద్దరినీ గమనిస్తున్నాడు. చిట్టచివరి మెట్టు నొక్కిపట్టి, చంద్రమ్మ వైపు కాకుండా సంగమేశ్వర్ వైపు తిరిగి అడిగాడు.

"ఇది ఎట్లుంది, మేస్త్రీ?"

"మంచిగున్నది," అన్నాడు సంగమేశ్వర్.

చంద్రమ్మ పెదవి కొరుక్కుంది. ఊరుకోవాలని చూసింది గానీ ఆమె వల్ల కాలేదు. "లేదయ్యా. ఇంకా పచ్చిగున్నది," అంది నెమ్మదిగా.

సంగమేశ్వర్‌కు లేచి మెట్లు దిగిపోవాలనిపించింది. చేతిలోని ఆకురాయి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నాకు ఇనవడదు సార్," అన్నాడు. "పైన మెట్లు మూడేండ్ల సంది ఇనవడయి. ఆమె చెప్తది, నేను గీకుత. మెదక్‌ల మీరు విన్న పెట్టె గూడ గంతే."

ఆ మాట చంద్రమ్మతో తప్ప ఇంకెవరితోనూ అనలేదు అతను. అన్నాక తల దించుకున్నాడు. పని చాలించి పొమ్మంటారనే అనుకున్నాడు.

నెహెమ్యా తొక్కడం ఆపాడు. "దానికేముంది, వయసు. కానీ మేస్త్రీ, మెదక్‌లో అడిగినప్పుడు నాకు ఒక్క పేరే చెప్పారు. అమ్మ పేరు ఎవరూ చెప్పలేదెందుకు?"

ఈ మూడేళ్ళూ తను దాచింది చెవుడొక్కటే అనుకున్నాడు సంగమేశ్వర్. దాంతోపాటు ఇంకేం దాచాడో అప్పుడు తెలిసింది. చంద్రమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి రోడ్డు చూస్తోంది. కొంగుతో ఒకసారి ముక్కు తుడుచుకుంది.

"నా తప్పే," అన్నాడు. నెహెమ్యాతో కాదు, ఆమెతో.

"తప్పులెంచుడు ఇంటికాడ. ముందు రేకు పట్టు," అంది చంద్రమ్మ ఇటు తిరక్కుండానే.

ఇంకో రెండు గీతలు పడ్డాక "సాకు" అంది.

ఆరున్నరకు గది నిండింది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది నెరిసిన తలలే. బ్యాంకులో చేసి రిటైరైనవాళ్ళు, రైల్వేవాళ్ళు, భార్యాభర్తలు కొందరు. ఎవరి కుర్చీ వాళ్ళకు ఏళ్ళ తరబడి అలవాటు. గ్లాసులున్నా గలాటా లేదు. పాట మొదలుకాక ముందే వెళ్ళిపోదామన్న చంద్రమ్మ, సోమనాథ్ తెచ్చిపెట్టిన టీ తాగుతూ వెనక వరసలో కూర్చుండిపోయింది.

నెహెమ్యా మొదటి పాటకు ముందు చెప్పాడు. "ఈ పెట్టెకు మళ్ళీ గొంతు తెచ్చింది నారాయణఖేడ్ నుంచి వచ్చిన చంద్రమ్మ, సంగమేశ్వర్. అదిగో, వెనక కూర్చున్నారు."

నలభై తలలు వెనక్కి తిరిగాయి. చప్పట్లు కొట్టారు. చంద్రమ్మ కొంగు మొత్తం ముఖం మీదికి లాక్కుంది. అప్పుడు సంగమేశ్వర్, పెళ్ళయిన ఇన్నేళ్ళకు మొదటిసారి, నలుగురిలో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

పాటలు సాగాయి. తబలా, కింది స్వరాలు అతనికి అందుతున్నాయి. ఒకచోట గదిలోని ముఖాలన్నీ ఒక్కసారిగా మెత్తబడ్డాయి. ముందు వరసలో ఒకాయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. ఏదో పైపైకి వెళ్ళి అక్కడ నిలిచిందని సంగమేశ్వర్‌కు అర్థమైంది. అక్కడ అతనికేమీ లేదు. చంద్రమ్మ వైపు వంగాడు.

"ఏమన్నడు?"

"ఆగు. బస్సుల చెప్త."

ఏడున్నరకు సోమనాథ్ దగ్గర సెలవు తీసుకున్నారు. రాత్రికి పటాన్‌చెరులో మేనకోడలు భాగ్య ఇంట్లో దిగాలి. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. రద్దీ కాస్త పలచబడ్డాక చంద్రమ్మ అతని ఎడమ చెవి దగ్గరికి జరిగి, ఆ పాట ఎత్తుకుంది. అంత పైనున్నదాన్ని అతనికి అందేంత కిందికి దించి, కలుపు పాట మొదలుపెట్టేముందు గొంతు సవరించుకున్నట్టు సన్నగా కూనిరాగం తీసింది. నెహెమ్యా ఎక్కడ ఎక్కాడో, ఎక్కడ నిలబెట్టాడో, ఎట్లా దిగాడో మొత్తం. కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే ఆగి, అతను వెళ్ళాక ఆపినచోటి నుంచే మళ్ళీ అందుకుంది. సంగమేశ్వర్ కళ్ళు మూసుకుని విన్నాడు. ముందు వరసలో ఆయన కళ్ళజోడు ఎందుకు తీశాడో అతనికప్పుడు తెలిసింది.

మరుసటి వారం అతను తనే మనూర్ వెళ్ళి, భజన మండలి అందరి ముందూ కూర్చుని ఉన్న సంగతి చెప్పాడు. పెట్టెలు ఇస్తారో మానేస్తారో వాళ్ళ ఇష్టమన్నాడు. మల్లేష్ గడ్డం గోక్కున్నాడు. "ఆ దినం నేను నవ్వినందుకు వదినకు నా దండం చెప్పు," అని, గోడవారనున్న ఇంకో పెట్టె తెచ్చి ముందు పెట్టాడు.

చంద్రమ్మ అంతటితో వదల్లేదు. సంగారెడ్డి దవాఖానకు తీసుకుపోయి చెవి పరీక్ష చేయించింది. చిన్న మిషన్ ఇచ్చారు. అది పెట్టుకుంటే మాటలు తేటగా వినిపిస్తాయి గానీ స్వరాలు రేకు డబ్బాలో పలికినట్టుంటాయి. అందుకని పనికి కూర్చున్నప్పుడు తీసి జేబులో వేసుకుంటాడు. అప్పుడు వినే పని చంద్రమ్మదే.

ఈ మధ్య మధ్యాహ్నాల్లో చేతిలో పని లేనప్పుడు, బాగైన పెట్టె ఒకటి ముందేసుకుని ఆమె ఒంటి వేలితో మెట్లు నొక్కుతూ, చిన్నప్పటి చేను పాట ఎక్కడెక్కడ ఉందో వెతుక్కుంటోంది. ఒక మెట్టు తప్పుతుంది, నాలుక కొరుక్కుని వెనక్కి వస్తుంది. సంగమేశ్వర్ పక్కన కూర్చుని, చెక్క మీద ఒక అరచెయ్యి ఆనించి, రెండో చేత్తో ఆమెకు తిత్తి ఊపుతుంటాడు.