బస్సు పిన్ని తట్టలేదు

మా పాప స్కూలు బస్సులో ఆయాని పిల్లలంతా బస్సు పిన్ని అంటారు. బుడ్డోళ్లను చంకనెత్తి ఎక్కిస్తుంది, పెద్దవాళ్ల సంచులు సర్దుతుంది. చర్చిలో నేర్చుకున్న పాటలు సన్నగా పాడుకుంటూనే ఉంటుంది. చివర్లో వంగి, చక్రాల దగ్గర పిల్లలెవరూ లేరని చూసి, అరచేత్తో బస్సును గట్టిగా తడుతుంది. ఆ చప్పుడు వినిపిస్తేనే డ్రైవరు బస్సు కదుపుతాడు.

సోమవారం పదో తరగతి కుర్రాడొకడు సంచి మెట్ల మీద పడేశాడు.

"తీసుకో నాయనా, చిన్నపిల్లలు పడతారు" అంది పిన్ని.

వాడు ఆమె తల్లిని కలిపి ఒక బూతు తిట్టాడు. వెనక సీట్లు గొల్లుమన్నాయి. అర్థం తెలియకుండానే మా ఐదేళ్ల పాప కూడా నవ్వింది. పాపను ఎక్కించి బస్సు పక్కనే నిలబడ్డ నాకు ఒళ్లు మండిపోయింది.

పిన్ని బస్సును తట్టలేదు.

"టైమవుతోంది పిన్నీ" అన్నాడు డ్రైవరు.

"అవనీ అన్నా. తప్పయిందని వాణ్ణి అననీ."

"వాడు అనేలోపు నాకు రిటైర్మెంటొస్తుంది."

వాడు అనలేదు. బస్సు రాలేదని స్కూలుకి తల్లిదండ్రుల ఫోన్లు వెళ్లాయి. ప్రిన్సిపాల్ డ్రైవరుకి ఫోన్ చేసి అరిచాక, అతనే దిగి చక్రాలు చూసుకుని బయల్దేరాడు.

సాయంత్రం ఆ కుర్రాడి మీద ఫిర్యాదు చేద్దామని వెళ్తే, ప్రిన్సిపాల్ గదిలో పిన్ని చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఈ వయసులో బూతులు మామూలేనమ్మా. చూసీ చూడనట్టు పోవాలి. ప్రార్థనలు చేసేదానివి, క్షమించాలి కదా. ఆలస్యం చేసినందుకు ఆ అబ్బాయి నాన్నకు సారీ చెప్పు. లేదంటే రేపట్నుంచి రావద్దు" అంటున్నాడాయన.

నేను చదివింది కెమిస్ట్రీ. బల్ల మీద యాసిడ్ చుక్క పడితే, బల్లకదే అలవాటవుతుందని ఎవరూ వదిలేయరు.

"వాణ్ణి పొద్దున్నే క్షమించేశాను సార్" అంది పిన్ని. "తప్పే కాదంటే ఇంక క్షమించడానికేముంది? ఏసయ్య క్షమించమన్నాడు గానీ, తప్పుని ఒప్పు అనమన్లేదు."

"అదేమంత పెద్ద మాట?"

"చిన్నమాటే అయితే మీరొకసారి అనండి సార్. ఇక్కడే ఉన్న ఈ అమ్మ కూడా వింటుంది."

ఆయన బల్ల మీద పెన్ను అటూ ఇటూ జరిపాడు. ఆ మాట నోటికి రాలేదు. ఉద్యోగం పీకేసే మాట మాత్రం గడగడా వచ్చింది. నేను ఎంత అరిచినా వెనక్కి తీసుకోలేదు.

గేటు దగ్గర పిన్ని నన్నే ఓదార్చబోయింది.

"నాకేం, ఇంకో బడి చూసుకుంటానమ్మా. వాడిది తప్పు కాదని బడే చెప్పేసింది. ఇంక వాడికెవరు చెప్తారు?"

వాడి కోసం ప్రార్థన చేస్తానంది. ఆమె చేసుకోనీ. నాకింకా కోపం చల్లారలేదు.